నాలుగు ల్యాప్‌టాప్‌లు, 32 మంది పిల్లలు: కోడింగ్ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

టీచరు గారూ,

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. మండల పరిషత్ పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులు కలిపి 32 మంది పిల్లలు. దాతలెవరో నాలుగు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. ఇంటర్నెట్ లేదు, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. మీరు గణితం చదువుకున్నారు కానీ ప్రోగ్రామింగ్ చేయలేదు. తల్లిదండ్రులేమో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎప్పుడు మొదలుపెడతారని అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలకు ఇది సాధ్యమేనా అన్నది మీ ప్రశ్న.

సాధ్యమే. మీకు ప్రోగ్రామింగ్ రాకపోవడం కూడా మీరు అనుకుంటున్నంత పెద్ద లోటు కాదు. పిల్లవాడు తప్పు జవాబు చెప్పినప్పుడు దాని వెనక ఏ ఆలోచన ఉందో అడిగి తెలుసుకునే ఓపిక గణితం టీచరుకు ఉంటుంది. ఈ పాఠానికి కావలసిన అసలు సరుకు అదే. ఈ వయసు పిల్లలకు చెబుతూ, టీచర్లకు శిక్షణ ఇస్తూ నేను గట్టిగా నమ్ముతూ వచ్చింది ఒక్కటే. తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలకు కోడింగ్ పేరుతో నేర్పవలసింది ఒక అలవాటు. ప్రోగ్రాము నడిపేముందు ఏం జరుగుతుందో నోటితో చెప్పాలి, లేదా కాగితం మీద గీయాలి. తర్వాత నడిపి చూడాలి. చెప్పినదానికీ జరిగినదానికీ తేడా వస్తే, అది ఎక్కడ పుట్టిందో వెతకాలి. ఈ అలవాటు పడిన పిల్లలు తర్వాత ఏ భాషనైనా పట్టుకుంటారు. ఇది లేకుండా ఎన్ని ఆటలు తయారుచేసినా, అవి ఎక్కడో చూసి అతికించిన ఆదేశాలుగానే మిగిలిపోతాయి.

ఇది నా ఒక్కరి అభిప్రాయం కాదు. ఇంగ్లండ్‌లో 2014 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల వయసు పిల్లల మొదలు అందరికీ కంప్యూటింగ్ పాఠ్యప్రణాళికలో భాగమైంది. అక్కడ స్యూ సెంటెన్స్, ఆమె తోటి పరిశోధకులు కలిసి ప్రిమ్ అనే బోధనా పద్ధతిని తీర్చిదిద్దారు. అందులో మెట్లు ఐదు: ఊహించడం, నడపడం, పరిశీలించడం, మార్చడం, చివరికి సొంతంగా తయారుచేయడం. సొంత తయారీ చివర రావడం గమనించండి. మన దగ్గర చాలామంది దానితోనే మొదలుపెట్టి, పిల్లలు బిక్కమొహం వేస్తే ప్రోగ్రాము తామే బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటారు.

ముందుగా, వద్దన్నది ఒకటి చెప్పాలి. సీపీయూ పూర్తి రూపం రాయుము, కంప్యూటర్ పితామహుడు ఎవరు, ఇన్‌పుట్ పరికరాలు ఐదు పేర్కొనుము, ఇలాంటి వాటికి ఒక్క పీరియడ్ కూడా ఇవ్వకండి. ఎన్నో బడులలో కంప్యూటర్ పాఠం పేరుతో దశాబ్దాలుగా జరుగుతున్నది ఇదే. లోగో అనే ప్రోగ్రామింగ్ భాష చూడండి. 1967లో అమెరికాలో వాలీ ఫోయర్‌జైగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ దాన్ని పిల్లల కోసమే తయారుచేశారు. తాబేలు అని పిలిచే గుర్తును ఆదేశాలతో నడిపించి గీతలు గీయిస్తూ పిల్లలు జ్యామితిని తమంతట తామే కనుక్కోవాలన్నది వారి కోరిక. మన పుస్తకాల్లోకి వచ్చేసరికి అది ‘ఎఫ్‌డీ అంటే ఫార్వర్డ్, ఆర్‌టీ అంటే రైట్’ అని బట్టీ పట్టి పరీక్ష రాసే పాఠమైంది. తాబేలు కదలడం ఒక్కసారైనా చూడకుండా ఆ పరీక్ష పాసైన పిల్లలు ఎందరో ఉన్నారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

మొదటి నెల ల్యాప్‌టాప్‌లు బీరువాలోనే ఉండనివ్వండి. కరెంటు లేదన్న బెంగ కూడా ఉండదు. ఆ నెలకు కావలసింది సుద్దముక్క, ముగ్గు.

చుక్కల ముగ్గు ఎలా వేయాలో మన ఇళ్లలో ఎలా చెబుతారో గుర్తు చేసుకోండి. ‘7 చుక్కలు, 4 వచ్చే వరకు సందు చుక్కలు.’ ఈ ఒక్క వాక్యంలో ఎక్కడ మొదలుపెట్టాలో ఉంది, ప్రతిసారీ ఏం చేయాలో ఉంది, ఎప్పుడు ఆగాలో ఉంది. ప్రోగ్రామింగ్‌లో లూప్ అనేది సరిగ్గా ఇదే. పిల్లలకు ఈ వాక్యం చెప్పి, సుద్దముక్క ముట్టుకోకముందే అడగండి: మొత్తం ఎన్ని వరుసలు వస్తాయి? ఎన్ని చుక్కలు? ప్రతివారూ పలక మీదో నోటుపుస్తకంలోనో తమ జవాబు రాయాలి. తర్వాత పెట్టించండి. మధ్య వరుసలో 7, దానికి పైనా కిందా 6, 5, 4. వరుసలు 7, చుక్కలు 37. నాలుగే వరుసలని రాసినవారు చాలామంది ఉంటారు, పైభాగం ఒక్కటే లెక్కపెట్టి. వారి జవాబు కొట్టేయకండి. ఎలా లెక్కపెట్టావని అడగండి. చెబుతూ చెబుతూనే సగంలో ఆగి తామే సరిదిద్దుకుంటారు.

ఆ తర్వాత ఎదురు చుక్కలు. ‘7 చుక్కలు, 1 వచ్చే వరకు ఎదురు చుక్కలు’ అంటే వరుసకు రెండేసి తగ్గుతాయి: 7, తర్వాత 5, 3, 1. మొత్తం 25. వాక్యంలో మారింది ఒక్క మాట, ఆకారం మాత్రం పూర్తిగా మారిపోయింది. ఆదేశంలో ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ముగ్గులకూ కంప్యూటర్ శాస్త్రానికీ సంబంధం నేను కల్పించినది కాదు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ తమిళనాడు ముగ్గుల నిర్మాణాన్ని వ్యాకరణ సూత్రాలుగా రాయవచ్చని 1974లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ సంగతి పిల్లలకు చెప్పండి. అమ్మమ్మ వేసే ముగ్గు మీద శాస్త్రవేత్తలు పనిచేశారంటే వారి కళ్లు పెద్దవవుతాయి. ఒక జాగ్రత్త: ముగ్గు ఆడపిల్లల పని అని మగపిల్లలు పక్కకు జరుగుతారు. ఒప్పుకోకండి. ఆదేశాలు అబ్బాయి రాయాలి, అమ్మాయి వేయాలి. మరుసటి రోజు అటుదిటు కావాలి.

ఈ ఆటకే ఇంకో రూపం ఉంది. ఇద్దరు పిల్లలు వీపులు ఆనించి కూర్చుంటారు. ఒకరి చేతిలో చిన్న బొమ్మ ఉంటుంది, ఒక ఇల్లో గాలిపటమో. ఆ బొమ్మ పేరు చెప్పకుండా, గీతలు ఎలా గీయాలో మాత్రమే చెప్పాలి. రెండోవారు చెప్పింది చెప్పినట్టు గీయాలి, ప్రశ్నలు అడగకూడదు. ‘పక్కన ఒక గీత గీయి’ అంటే ఏ పక్కన, ఎంత పొడుగు? ఫలితం చూసుకుని పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఇందులో నవ్వుకు మించిన పని ఒకటి జరుగుతుంది. తమ మనసులో ఉన్నది యంత్రానికి ఎలాగో అర్థమైపోతుందని కొత్తగా నేర్చుకునేవారు నమ్ముతారు. రాయ్ పీ అనే పరిశోధకుడు 1986లోనే దీన్ని గుర్తించి, మిగతా పొరపాట్లు చాలావరకు దీనిలోంచే పుడతాయని రాశారు. ఆ నమ్మకం తెర ముందు కూర్చున్నాక వదలడం కష్టం. వీపులు ఆనించుకున్నప్పుడు ఒక్క పూటలో సడలుతుంది.

రెండు అంకెలతోనే సంఖ్యలన్నీ రాసే ఆట కూడా ఈ నెలలోనే పెట్టండి. ఐదు అట్టముక్కల మీద 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టి ఐదుగురిని వరుసగా నిలబెట్టండి. అట్ట చూపిస్తే ఒకటి, తిప్పేస్తే సున్నా. సున్నా నుంచి 31 వరకు వస్తాయి. న్యూజిలాండ్‌కు చెందిన టిమ్ బెల్, మిత్రులు కలిసి తయారుచేసిన ‘సీఎస్ అన్‌ప్లగ్డ్’లో ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి, అన్నీ ఉచితం. మీ ఫోనులో దింపుకుని చూసుకోండి.

ఇక ల్యాప్‌టాప్‌లు. అవి బయటికి తీసేముందు నాలుగు మౌస్‌లు కొనండి. ఈ మాట ఎవరూ చెప్పరు. బ్లాకును పట్టుకుని లాగి, సరైన చోట వదలడం టచ్‌ప్యాడ్ మీద తొమ్మిదేళ్ల చేతులకు చాలా కష్టం. పిల్లలు విసిగిపోయేది ప్రోగ్రాము అర్థంకాక అనుకుంటాం, చాలాసార్లు వేలు జారడం వల్ల. మీ సొంత డబ్బు పెట్టకండి, పాఠశాల యాజమాన్య కమిటీని అడగండి.

ఏ సాధనం వాడాలన్నదానికి నా జవాబు స్క్రాచ్. ఇందులో ఆదేశాలు టైపు చేయనక్కర్లేదు, ఆదేశం రాసి ఉన్న రంగురంగుల బ్లాకులను లాగి ఒకదాని కింద ఒకటి అతికిస్తే చాలు; పచ్చ జెండా నొక్కితే తెర మీది పిల్లి బొమ్మ వాటి ప్రకారం నడుస్తుంది. ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో విడుదల చేసింది, ఎనిమిదేళ్లు దాటిన పిల్లల కోసం. ఉచితం. ఇంటర్నెట్ లేకుండా నడిచే అప్లికేషన్ ఉంది. ఇంటర్నెట్ ఉన్నచోట ఒకసారి దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నాలుగింటిలో ఎక్కించండి. గీతలు గీసే పెన్ విభాగం అదనపు జాబితాలో ఉంటుంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మాటలు చదివి వినిపించేది, అనువదించేది మాత్రం ఇంటర్నెట్ ఉంటేనే పనిచేస్తాయి. వాటి జోలికి పోకండి.

మొదటి స్క్రాచ్ పాఠంలో ‘మీకు నచ్చింది చేయండి’ అని వదిలేయకండి. ముందుగా మీరే ఒక చిన్న ప్రోగ్రాము కాగితం మీద రాసి ఇవ్వండి. పెన్ దించు, నాలుగుసార్లు: 100 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు. పిల్లి ఏ బొమ్మ గీస్తుందో ప్రతి జంటా కాగితం మీద గీసి, కింద పేర్లు రాసి మీకు చూపించాకే పచ్చ జెండా నొక్కాలి. చతురస్రం వస్తుంది. ఇది సులువు, అందరూ సరిగ్గానే ఊహిస్తారు. తర్వాత చెప్పండి: దీన్ని త్రిభుజంగా మార్చండి.

ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. ఐదో తరగతి పిల్లలు దాదాపు అందరూ ఒకటే చేస్తారు. నాలుగుసార్లను మూడుసార్లు చేస్తారు, త్రిభుజం కోణం 60 అని ఎవరో ఒకరు చెబితే 90ని 60 చేస్తారు. కాగితం మీద చక్కని త్రిభుజం గీసి జెండా నొక్కుతారు. తెర మీద వచ్చేది మూసుకోని ఆకారం, మూడు గీతలతో దొన్నెలాగా విచ్చుకుని ఉంటుంది. ఒక అమ్మాయి నాతో ‘టీచర్, పిల్లి తప్పు తిరిగింది’ అంది. ఎంత తిరగమన్నావు? ‘60.’ ఎంత తిరిగింది? కొంచెం సేపు తెర వంక చూసి ‘60’ అంది. మరి తప్పెవరిది అని నేను అడగలేదు. నేల మీద సుద్దతో పెద్ద త్రిభుజం గీసి, దాని మీద నడిచి చూడమన్నాను. కుడిచేయి ముందుకు చాచి గీత వెంట నడిచింది. మూల దగ్గర ఆగి, చేయి తర్వాతి గీత వైపు వచ్చేదాకా తిరగమన్నాను. తిరిగింది. మళ్లీ వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు తిరిగి చూసుకుంది. ‘టీచర్, ఇది చాలా ఎక్కువ. 90 కన్నా ఎక్కువ’ అంది. ఎంత ఎక్కువ అన్న ప్రశ్న దగ్గర మీ గణితం అక్కరకొస్తుంది. లోపలి కోణం 60, నేరుగా ఉన్న గీత 180, అంటే పిల్లి తిరగవలసింది 120. చుట్టూ తిరిగి మొదలైన చోటికి, మొదలైన దిక్కుకే వచ్చేసరికి మొత్తం తిరిగింది ఎప్పుడూ 360. మూడు భుజాలకు 360ని 3తో భాగించాలి. ఐదు భుజాలకు 72, ఎనిమిదికి 45. ఈ సూత్రం మీరు బోర్డు మీద రాయకండి. వారే చెబుతారు, రెండు రోజులు పట్టినా పరవాలేదు.

ఏడు భుజాలు గీయమని అడిగి చూడండి. 360ని 7తో భాగిస్తే శేషం లేకుండా పోదు. కొందరు 51 పెడతారు. ఏడు 51లు 357, మూడు డిగ్రీలు తక్కువ. బొమ్మ కొద్దిగా కలవకుండా మిగిలిపోతుంది. అప్పుడు భాగాహారం బ్లాకు చూపించి, లెక్క యంత్రానికే ఇవ్వవచ్చని చెప్పండి. భాగాహారం మీద పిల్లలకు అంత ఆసక్తి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తప్పు త్రిభుజం దగ్గరే ఇంకో విశేషం దాగి ఉంది. అదే ప్రోగ్రామును చెరపకుండా రెండోసారి నడపమనండి. మళ్లీ అవే మూడు గీతలు వస్తాయని ఊహిస్తారు. వచ్చేది పూర్తి షడ్భుజి. ఎందుకంటే పిల్లి మొదటికి వెళ్లలేదు, ఆగిన చోటి నుంచే, ఆగిన దిక్కులోనే మొదలుపెట్టింది. పచ్చ జెండా నొక్కితే అంతా కొత్తగా మొదలవుతుందని పిల్లలు గట్టిగా అనుకుంటారు, పెద్దవారు కూడా. కాబట్టి ప్రతి ప్రోగ్రాము తలలో ఎక్కడ నిలబడాలి, ఎటు చూడాలి, పాత గీతలు చెరపాలా అన్న మూడూ చెప్పే అలవాటు ఇక్కడ చేయించండి. స్క్రాచ్‌లో కుడివైపు అంటే 90, పైకి అంటే 0 అన్న సంగతి కూడా అప్పుడే వస్తుంది.

ఇంకొక్క పొరపాటు గురించి వివరంగా చెప్పి తీరాలి, ఆటలు తయారుచేసేటప్పుడు దాదాపు ప్రతి జంటా ఇందులో పడుతుంది. మౌస్ బాణం పిల్లికి తగిలితే ‘దొరికిపోయాను’ అనాలి. పిల్లలు జెండా బ్లాకు కింద షరతు పెట్టే ‘ఇఫ్’ బ్లాకు పెట్టి, అందులో ‘తగిలితే ఇది చెప్పు’ అని పెడతారు. జెండా నొక్కుతారు, బాణాన్ని పిల్లి మీదికి తెస్తారు, ఏమీ జరగదు. చదివితే ప్రోగ్రాములో తప్పేమీ కనిపించదు. మీరు అడగవలసింది ఒకే ప్రశ్న: ‘బాణం తగిలిందా’ అని కంప్యూటర్ ఎన్నిసార్లు చూసింది? ఒక్కసారే, జెండా నొక్కిన క్షణంలో. అప్పుడు బాణం జెండా మీద ఉంది. చూసి, తగల్లేదని తేల్చుకుని, పని ముగించేసింది. ఆగకుండా చూస్తూ ఉండాలంటే ‘ఫరెవర్’ లోపల పెట్టాలి. ఈ ఒక్క విషయం తామే పట్టుకున్న జంట ఇక ఆటలన్నీ తయారుచేసుకోగలదు.

ఇంగ్లీషు గురించి. బ్లాకుల మీద ఉన్న మాటలు పిల్లలు వాడేవి పాతికకు మించవు. రంగులు వేరు, ఆకారాలు వేరు, కాబట్టి చదవడం రాని మాటను కూడా గుర్తుపడతారు. గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, కొత్త బ్లాకు వచ్చినప్పుడల్లా దాని బొమ్మ గీసి, పక్కన తెలుగులో అది చేసే పని పిల్లల చేతే రాయించండి. ‘రిపీట్: లోపల ఉన్నదాన్ని చెప్పినన్నిసార్లు చేస్తుంది.’ ఊహించడం, వాదించుకోవడం, తప్పు వెతకడం మాత్రం పూర్తిగా తెలుగులో జరగాలి. ఆలోచన నడిచేది తెలిసిన భాషలోనే. మా బడి ఇంగ్లీషు మీడియం కదా అని ఇక్కడ భాష మారిస్తే, పిల్లలు నోరు మూసుకుంటారు. నోరు మూసుకున్న పిల్లల ఊహ మీకు ఎలా తెలుస్తుంది?

తెలుగుతోనే చేయగలిగిన ఒక మంచి పాఠం ఉంది. స్క్రాచ్‌లో ఒక పదంలో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే ‘లెంగ్త్ ఆఫ్’ బ్లాకు ఉంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని, అందులో ‘అమ్మ’ అని కొట్టండి. ఎంత వస్తుందని అడగండి. అందరూ 2 అంటారు. వచ్చేది 4. తరగతిలో గోల మొదలవుతుంది. కంప్యూటర్‌కు తెలుగు రాదని ఒకరంటారు. అప్పుడు ఒక్కో భాగం విడదీసి చూపించండి: అ, మ, పొల్లు, మళ్లీ మ. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి హల్లుకు, ప్రతి గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా సంఖ్యలున్నాయి. తెలుగుకు కేటాయించిన చోట్లు 128. మనం ఒక అక్షరంగా చూసే ఒత్తు అక్షరం కంప్యూటర్‌కు కొన్ని సంఖ్యల వరుస. ‘లక్ష్మి’కి ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పమనండి. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: 7. తర్వాత ప్రతివారూ తమ పేరుకు ముందే లెక్క రాసుకుని నడిపి చూసుకుంటారు. అట్టముక్కలతో ఆడిన సున్నా, ఒకటి ఆటకు ఇక్కడ అర్థం దొరుకుతుంది: యంత్రంలో ఉన్నవి సంఖ్యలే, అక్షరమైనా సరే.

ఇక నాలుగు యంత్రాలకు 32 మంది ఎలాగన్నది. పదహారు జంటలు చేయండి. వారానికి రెండు పీరియడ్లు దొరికితే ఒక్కో పీరియడ్‌లో ఎనిమిది జంటలు, నాలుగు జంటలకు ఇరవై నిమిషాలు, తర్వాత మిగతా నాలుగింటికి. ఆ సమయంలో యంత్రం లేని జంటలు ఖాళీగా ఉండవు. బ్లాకులు రాసిన కాగితపు చీటీలు పేర్చి ప్రోగ్రాము తయారుచేస్తాయి, ఏం జరుగుతుందో రాస్తాయి. కాగితం లేకుండా వచ్చిన జంటకు యంత్రం లేదు. ఈ నియమం కఠినంగా అనిపించినా సడలించకండి, ఇరవై నిమిషాలు సరిపోయేది దీనివల్లే.

జంటలో ఒకరు మౌస్ పట్టుకుంటారు, ఇంకొకరు ఏం చేయాలో చెబుతారు. చెప్పేవారు మౌస్ ముట్టుకోకూడదు, పట్టుకున్నవారు చెప్పనిది చేయకూడదు. పది నిమిషాలకు గంట కొట్టి మార్చండి. గంట కొట్టకపోతే ఏం జరుగుతుందో నాకు తెలుసు: అబ్బాయి చేతిలోని మౌస్ అబ్బాయి చేతిలోనే ఉంటుంది, అమ్మాయి నోటుపుస్తకంలో అందంగా రాస్తూ ఉంటుంది. తరగతిలో తెలివైన పిల్ల నెల తిరిగేసరికి ‘నాకు కంప్యూటర్ రాదు’ అనుకోవడం మొదలుపెడుతుంది. కనీసం మొదటి రెండు నెలలు అమ్మాయిల జంటలు, అబ్బాయిల జంటలు విడిగా ఉంచమని నా సలహా. ఇంట్లో ఫోను చేతికి దొరికే పిల్లలను, దొరకని పిల్లలను ఒక జంటలో వేయకండి. వేగం కలవదు.

మీ చేతుల గురించి కూడా ఒక మాట. పిల్లల మౌస్ మీరు ముట్టుకోకండి. తప్పు ఎక్కడుందో మీకు ఒక్క చూపులో తెలిసిపోతుంది, సరిచేయాలని చేయి లాగుతుంది. మీరు సరిచేస్తే ప్రోగ్రాము బాగుపడుతుంది, పిల్లవాడు అక్కడే ఉండిపోతాడు. అడగడానికి మూడు ప్రశ్నలు చాలు. ఏం జరుగుతుందనుకున్నావు? ఏం జరిగింది? రెండూ ఏ బ్లాకు వరకు ఒకేలా ఉన్నాయి? మూడో ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు పిల్లలు పై నుంచి ఒక్కో బ్లాకు మీద వేలు పెట్టి చదువుతారు. తప్పు చాలాసార్లు ఆ వేలి కిందే దొరుకుతుంది. మీకు కూడా జవాబు తెలియకపోతే వారితోపాటు మీరూ వేలు పెట్టి చదవండి.

తల్లిదండ్రులకు పైథాన్ గురించి ఏం చెప్పాలి? పైథాన్ మంచి భాషే, తర్వాత నేర్చుకోవాలి కూడా. అయితే దానికి ఇంగ్లీషులో తప్పుల్లేకుండా టైపు చేయాలి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూసుకోవాలి, ఎడమవైపు ఖాళీ సరిగ్గా వదలాలి. నాలుగో తరగతి పిల్లల పీరియడ్ మొత్తం ఒక చుక్క ఎక్కడ పోయిందో వెతకడానికే సరిపోతుంది. ఏడు, ఎనిమిది తరగతుల్లో, లూపులూ షరతులూ అప్పటికే వచ్చి ఉంటే, అది కొన్ని వారాల పని. 2020 జాతీయ విద్యావిధానం కూడా కోడింగ్ కార్యక్రమాలను మధ్య దశలో, అంటే ఆరో తరగతి నుంచి, ప్రవేశపెట్టాలంది. మీరు చేస్తున్నది దానికి పునాది అని చెప్పండి. ఫోనులో అడిగితే ఏఐ ప్రోగ్రాము మొత్తం రాసిస్తోంది కదా, ఇదంతా ఎందుకని అడిగేవారూ ఉంటారు. ఎవరు రాసిచ్చినా, అది ఏం చేస్తుందో చదివి చెప్పగలిగినవారికే అది పనికొస్తుంది. మీ పిల్లలు మొదటి రోజు నుంచీ చేస్తున్నది ఆ పనే. మాటలతో నమ్మకపోతే సమావేశానికి పిలిచి, ఆట చూపించే బదులు, పిల్లల చేత ప్రోగ్రామును బ్లాకు బ్లాకుగా తెలుగులో చెప్పించండి.

పరీక్ష ఎలా పెట్టాలో మీరు అడగలేదు కానీ అడుగుతారు. మెరిసే ప్రాజెక్టుకు మార్కులు వేయకండి. ఇంట్లో అన్న చేసిచ్చినదో, వీడియో చూసి దించినదో మీకు తెలియదు. తప్పు ఉన్న చిన్న ప్రోగ్రాము కాగితం మీద ఇచ్చి, ఇది ఏం గీస్తుంది, ఏం గీయాలనుకున్నారు, ఎక్కడ మార్చాలి అని అడగండి. యంత్రం అక్కర్లేదు, 32 మంది ఒకేసారి రాయవచ్చు. ఊహ తప్పైనా కారణం సరిగ్గా రాసినవారికి సగానికి పైగా మార్కులివ్వండి. అలా ఇస్తారని తెలిస్తేనే పిల్లలు నిజంగా ఊహిస్తారు, లేకపోతే పక్కవారి జవాబు వచ్చేదాకా ఆగుతారు.

తెర మీద ఒక చోటును రెండు సంఖ్యలతో చెప్పే ఎక్స్, వై నిరూపకాలు ఈ రెండు తరగతులకు వద్దు. స్క్రాచ్ తెర మధ్యలో సున్నా ఉంటుంది, ఎడమకూ కిందికీ రుణ సంఖ్యలు వస్తాయి. అవి గణితంలో ఆరో తరగతికి గానీ రావు. అప్పటిదాకా ‘నడువు’, ‘తిరుగు’ బ్లాకులతోనే చాలా పని జరుగుతుంది. మొదటికి తీసుకెళ్లే బ్లాకులో రెండు సున్నాలు మీరే పెట్టి ఇవ్వండి, వివరణ తర్వాత. వేరియబుల్‌ను, అంటే మారే విలువను దాచుకునే పేరున్న పెట్టెను, మాత్రం ఐదో తరగతి చివర ఆటలో పాయింట్ల రూపంలో తెండి. ‘సెట్’ అంటే ఉన్నది తీసేసి కొత్తది పెట్టడం, ‘చేంజ్’ అంటే ఉన్నదానికి కలపడం. పాయింట్లు 5 ఉన్నప్పుడు ‘సెట్ 1’ నడిపితే ఎంత, ‘చేంజ్ 1’ నడిపితే ఎంత? నడపకముందే రాయించండి.

ల్యాప్‌టాప్‌లు పాతవైతే, కొత్త స్క్రాచ్‌కు విండోస్ 10 గానీ ఆ తర్వాతిది గానీ కావాలని చూసుకోండి. అంతకన్నా పాతదుంటే స్క్రాచ్ 1.4 ఎక్కించుకోండి, చతురస్రమూ త్రిభుజమూ అందులోనూ అలాగే వస్తాయి. ‘అమ్మ’ పాఠానికి మాత్రం కొత్తదున్న యంత్రం ఒక్కటైనా ఉండాలి. ప్రతి జంట ఫైలుకు తరగతి, జంట సంఖ్య పేరుగా పెట్టించండి, వారానికోసారి అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ఉదయం ప్రార్థన సమయానికే నాలుగింటికీ ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఇద్దరు ఐదో తరగతి పిల్లలకు అప్పగించండి. పాఠం మొదలుపెట్టాక త్రిభుజం దగ్గర పిల్లలు ఏ జవాబులు రాశారో నాకు రాయండి, ముఖ్యంగా తప్పు జవాబులు. తర్వాతి పాఠం వాటిని బట్టి వేసుకుందాం.